స్మారకం ఫొటో కింద ‘మారణహోమం’ అని రాయవచ్చా?

ప్రశ్న (తిరుపతి):
మా గ్రంథాలయంలో ప్రపంచ స్మారక శిల్పాల ఫొటోలతో పిల్లలకు ప్రదర్శన పెడుతున్నాం. నాజీలు చంపిన యూదుల కోసం బెర్లిన్‌లో కట్టిన స్మారకం ఫొటో కింద ‘మారణహోమ మృతుల స్మారకం’ అని రాశాను. పెద్దాయన ఒకరు చూసి, “ఇక్కడ హోమం ఎందుకమ్మా?” అన్నారు. పత్రికలు వాడే మాటే కదా, మార్చాలంటారా?

జవాబు:
తప్పకుండా మార్చండి. కార్తిక మాసంలో కపిలతీర్థంలో హోమాలు జరిగే ఊరు మనది. హోమమంటే సంకల్పం, ఆహుతి, ఫలం. ‘నరమేధం’ అన్నా అంతే, అశ్వమేధంలోని మేధమే అది. ఈ మాటలు చంపినవాణ్ణి యజ్ఞానికి యజమానిని చేస్తాయి, చచ్చినవాణ్ణి హవిస్సు చేస్తాయి. నాకిది మింగుడు పడదు. ఆ హత్యాకాండకు ఇంగ్లీషులో వాడే హోలోకాస్ట్ అన్న మాటకూ గ్రీకు మూలంలో పూర్తిగా దహించిన బలి అనే అర్థం. అందుకే చాలామంది యూదులు ‘షోవా’ అంటారు, మహావిపత్తు అని.

ఇక ‘మృతులు’. బస్సు బోల్తా పడినా మృతులే, వరద వచ్చినా మృతులే. చంపినవాడు ఆ మాటలో కనిపించడు. 2005లో తెరిచిన బెర్లిన్ స్మారకంలో పీటర్ ఐసెన్‌మన్ నిలిపిన 2,711 కాంక్రీటు దిమ్మెల మీద ఒక్క అక్షరమూ లేదు. కానీ దాని అధికారిక నామంలోనే ‘హత్యకు గురైన ఐరోపా యూదులు’ అని ఉంది. జర్మన్ కళాకారుడు గుంటర్ డెమ్నిగ్ 1992 నుంచి కాలిబాటల్లో పొదుగుతూ వచ్చిన ఇత్తడి పలకలు చూడండి. ఒక్కొక్కటీ అరచేయంత, నాజీల బాధితుల్లో ఒక్కొక్క మనిషికి ఒకటి, వాళ్లు ఉన్న ఇంటి ముందే. ‘ఇక్కడ నివసించారు’ అని మొదలవుతుంది. తర్వాత పేరు, పుట్టిన సంవత్సరం, తరలించిన సంవత్సరం. చివర, చాలా పలకల మీద, ‘హత్య’ అనే సూటి మాట.

ఇంకొకరు (చిత్తూరు):
మన జిల్లాలో ఊరూరా వీరగల్లులు ఉన్నాయి. ‘అమరవీరుల స్మారకం’ అంటే గౌరవంగా ఉండదా?

జవాబు:
వీరగల్లు మీద మనిషి చేతిలో ఆయుధం ఉంటుందండీ. పశువుల మందకో ఊరికో అడ్డు నిలిచి పోరాడి పడ్డవాడు, పై అరలో అప్సరసలు అతణ్ణి స్వర్గానికి తీసుకుపోతుంటారు. బుడాపెస్ట్‌లో డాన్యూబ్ గట్టున ఉన్నవి 60 జతల ఇనుప బూట్లు. జాన్ తొగాయ్, గ్యులా పౌయర్ 2005లో పెట్టారు. 1944-45లో ‘యారో క్రాస్’ అనే హంగరీ ఫాసిస్టు పార్టీ మూకలు జనాన్ని అక్కడ నిలబెట్టి, బూట్లు విప్పించి, నదిలో పడేలా కాల్చాయి. ఆ వరుసలో చిన్నపిల్లల జోళ్లూ ఉన్నాయి. ఆ పిల్లలు ఏ యుద్ధానికీ వెళ్లలేదు. వాళ్లను వీరులంటే, కాల్చినవాళ్లు ఎదుటి సైన్యమైపోతారు.

‘జాతిహననం’ అనండి. 1944లో న్యాయవాది రఫాయెల్ లెమ్కిన్ కూర్చిన జెనోసైడ్ అన్న మాటలోనూ ఉన్నవి ఈ రెండు ముక్కలే, జాతి, చంపడం. పిల్లలకు బరువనిపిస్తే ‘హత్యకు గురైన యూదుల స్మారకం’ చాలు.

ప్రశ్న అడిగినవారు:
మార్చేశానండీ. రువాండా రాజధాని కిగాలీలోని స్మారకం ఫొటో కింద ‘రువాండా ఘర్షణల మృతులు’ అని ఉంది.

జవాబు:
అదీ మార్చండి. ఘర్షణకు రెండు పక్షాలు ఉంటాయి. 1994లో జరిగింది అక్కడి టుట్సీ వర్గంవారి జాతిహననం, దానికి అడ్డుపడిన హుటూ వర్గంవారినీ చంపారు. ఆ ఆవరణలో 2,50,000 మందికి పైగా సమాధుల్లో ఉన్నారు, ఆ అంకె కూడా రాయండి.