మడ పీతల్ని పట్టి తెల్ల షీటు మీద ఫొటో తీయడం సరైనదేనా?

పాయ ఒడ్డు:
కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవుల వైపు ఫిడ్లర్ పీతల్నీ (మగవాటికి ఒక డెక్క బాగా పెద్దది), బురదలో గెంతే మడ్‌స్కిపర్ చేపల్నీ పట్టి, తెల్ల అక్రిలిక్ మీద పెట్టి స్టూడియోలోలా ఫొటోలు తీస్తున్నారు. అందంగానే ఉంటున్నాయి. అయినా ఈ పద్ధతి మానాలంటాను. మీరేమంటారు?

తెల్లమడ:
పూర్తిగా మానేయమంటే ఎలాగండీ? పీత నోటి దగ్గరి నూగు, కంటికాడ బురద మీద అసలు తెలియవు. పద్ధతిగా చేస్తే జీవికి ఇబ్బంది తక్కువ. 3 మి.మీ. పాలరంగు షీటు, దాని వెనక ఒక ఫ్లాష్, ముందు పైనుంచి డిఫ్యూజర్‌తో (వెలుగుని మెత్తబరిచే తెర) ఇంకోటి. కెమెరా సెట్టింగులు: షట్టర్ 1/200 సెకను, ఎఫ్/11, ఐఎస్ఓ 100. మొదట వెనక ఫ్లాష్ ఒక్కటే వెలిగించి, తెలుపు హిస్టోగ్రామ్ (కెమెరా చూపే వెలుగు గ్రాఫు) కుడి అంచుకి ఆనీ ఆననట్టు సర్దుకోవాలి. అంతకు మించి పెంచితే వెలుగు చుట్టి వచ్చి సన్నటి కాళ్ల అంచుల్ని తినేస్తుంది. ఇదంతా ఎండుటాకు పెట్టి ముందే చూసుకోవాలి. ఆ తర్వాత జీవిని పెడితే రెండు నిమిషాల పని.

పాయ ఒడ్డు:
ఆ రెండు నిమిషాలే నా బాధండీ. మడ్‌స్కిపర్ ఒడ్డున ఊపిరి తీసుకునేది తడి చర్మంతోనూ, నోటి లోపలి పొరతోనూ. షీటు తడిస్తే మరకలు పడతాయని చాలామంది పొడిగానే ఉంచుతారు. ఇక పీతని కాలు పట్టి ఎత్తితే ఆ కాలు వదిలేసి పోతుంది. మగపీతకి పెద్ద డెక్క ఊడితే ఆడపీతని పిలవడానికీ, బొరియ కాపాడుకోవడానికీ ఆధారం పోయినట్టే. కొన్ని జాతుల్లో తిరిగి మొలిచే డెక్క బలహీనంగా ఉంటుంది కూడా. పైగా అభయారణ్యం లోపలైతే 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ ప్రకారం ఫొటోలకే అనుమతి కావాలి. పట్టడం మాట సరేసరి.

పోటుపాటు:
జీవిని కదపకుండానే నల్ల నేపథ్యం వస్తుందండి. ఫ్లాష్ నుంచి పీత ఒక అడుగు, వెనకున్నది నాలుగడుగులు దూరంలో ఉంటే, వెనక పడే వెలుగు పదహారో వంతే, అంటే నాలుగు స్టాప్‌లు తక్కువ (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగం). చాలామందికి ఇక్కడే తప్పుతుంది: నిలబడి పైనుంచి తీస్తారు. అప్పుడు పీత వెనకున్న బురదా అంతే దూరంలో ఉండి బూడిదరంగులో వెలుగుతుంది. కెమెరా నేలకి ఆనించి, మడత స్క్రీన్‌లో చూడాలి. ఇంకోటి, మిట్టమధ్యాహ్నం ఎండలో 1/200, ఎఫ్/16, ఐఎస్ఓ 100 పెట్టినా నేపథ్యం ఒక్క స్టాపే తగ్గుతుంది, నల్లబడదు. వెనక చెట్ల నీడ పడేచోటు వెతకాలి. పాటు మొదలయ్యాక, అంటే నీరు వెనక్కి తీస్తున్నప్పుడు, బొరియ ముందు ఫ్లాష్ పెట్టి కదలకుండా కూర్చుంటే పీత తనంతట తనే వస్తుంది. ఓపిక ఉండాలి, అంతే.

బావురు పిల్లికైతే (ఫిషింగ్ క్యాట్) సెన్సార్ కెమెరా, అంటే జంతువు కదలిక పసిగట్టి తనే ఫొటో తీసేది, తప్ప దారి లేదు. రెండు ఫ్లాష్‌లూ 1/32 పవర్‌లో, పక్కలనుంచి, ఎత్తులో పెట్టాలి. కళ్లలోకి సూటిగా వద్దు. మానుల మీద పోటు నీరు వదిలిన బురద చార చూసి దానికి పైనే కట్టండి, పౌర్ణమికీ అమావాస్యకీ నీరు ఇంకా లేస్తుంది. తిల్ల చెట్టుకి మాత్రం కట్టొద్దు, కొమ్మ విరిగితే కారే పాలు కంట్లో పడితే ప్రమాదం. చేప ఎర వేయకండి, చట్టంలో ఎర వేయడం కూడా వేట కిందే లెక్క.

తెల్లమడ:
నలుపు ఒప్పుకుంటానండీ. తెలుపు సంగతేంటి మరి? పీత రాకముందే బొరియ వెనక షీటు నిలబెట్టి, దాని వెనక ఫ్లాష్ పెడితే తాకక్కర్లేదు కదా. నోటి వివరాలకి పీత విడిచేసిన పాత పెంకు, అంటే డొల్ల చాలు, అందులో నూగుతో సహా అన్నీ ఉంటాయి. డొల్లనైతే షీటు మీద ఎంతసేపైనా పెట్టుకోవచ్చు.

పాయ ఒడ్డు:
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. డొల్ల అభయారణ్యం బయట ఏరిందై ఉండాలి, ఫొటో కింద "డొల్ల" అని రాయాలి. లేకపోతే చూసినవాళ్లు బతికున్న పీతని పట్టుకొస్తారు.