అప్‌డేట్: హరికేన్ విమానం మోడల్ డెకాల్స్ కింద తెల్లటి మెరుపు పోయింది

నా 1/72 సైజు హరికేన్ (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం) మోడల్ రెక్కల మీద డెకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు) కింద వెండిపూతలా తెల్లగా మెరుస్తోందని అడిగాను కదా, తగ్గింది. అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది, డెకాల్స్ పెట్టేముందు నున్నగా మెరిసే గ్లాస్ వార్నిష్ కొట్టమన్న సలహానే. మ్యాట్ (మెరుపు లేని) పెయింట్ గరుకుగా ఉండి, డెకాల్ కింద గాలి చిక్కుకుంటుంది. పాతవి టేప్‌తో పీకేసి, వార్నిష్ కొట్టి, బాగా ఆరాక స్పేర్ డెకాల్స్ పెట్టాను. ప్యానెల్ గీతల దగ్గర మిగిలిన బుడగల్ని సూదితో పొడిచి డెకాల్ సాఫ్ట్‌నర్ (డెకాల్‌ను మెత్తబరిచే ద్రవం) రాస్తే అతుక్కుపోయాయి. చివర్లో మ్యాట్ కోట్.

డెకాల్స్ నానబెట్టిన మా నల్గొండ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌కు దీంతో సంబంధం లేదు (నల్గొండ అనగానే అందరికీ అదే గుర్తొస్తుంది!). బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్‌తోనూ అలాగే మెరిసింది.

రౌండెల్‌లో (రెక్కల మీది గుండ్రటి వాయుసేన గుర్తులో) ఎరుపు ఏదని అడిగినవారికి: బర్మా యుద్ధంలో జపాన్ ఎర్ర సూర్యుడి గుర్తుతో పొరబడకుండా దాన్ని తీసేశారు. అందుకే ముదురు నీలం, లేత నీలం మాత్రమే.