కొండదారి పరుగు పందెంలో గుర్తులు తెల్లవారేదాకా నిలవాలంటే ఏం చేయాలి?

నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర, డయాలసిస్ చేయించుకునే పేద రోగుల ప్రయాణ ఖర్చుల కోసం జనవరిలో 10 కిలోమీటర్ల పరుగు పందెం పెడుతున్నాం. అనుమతులు, అంబులెన్సు, మంచినీళ్లు అన్నీ కుదిరాయి. దారి గుర్తులే కుదరడం లేదు.

పరుగు ఉదయం 5:30కి మొదలు. ఆ నెలలో సూర్యోదయం 6:30 దాటాకే కాబట్టి మొదటి గంటంతా తలకు కట్టుకున్న లైట్ల వెలుగులోనే పరుగెత్తాలి. ఎండిన వాగు దాటగానే బాట మూడుగా చీలుతుంది. అందులో ఒకటి నేరుగా పాడుబడ్డ దిగుడుబావి మీదికి పోతుంది. దానికి గట్టు కూడా లేదు. నా భయమంతా అక్కడే.

సాయంత్రం సున్నపు పొడితో బాణాలు గీసి చూశాం. తెల్లవారేసరికి మంచుకు తడిసి మట్టిలో కలిసిపోయాయి. తుమ్మకొమ్మలకు ప్లాస్టిక్ రిబ్బన్లు కడితే మేకలు అందినంత మేర పీకి నమిలేశాయి. వాటి కడుపులోకి ప్లాస్టిక్ పోయే పని మళ్లీ చేయం. నూలు గుడ్డ పేలికలు ఎత్తుగా కట్టాం, కానీ లైటు వెలుగులో ఎండుటాకులకూ వాటికీ తేడా తెలియలేదు. రాళ్లకు రంగు పూయడం మాకు సమ్మతం కాదు, అది ఏళ్ల తరబడి కొండ మీద ఉండిపోతుంది. ప్రతి మలుపులో మనిషిని నిలబెట్టేంత మంది మా దగ్గర లేరు.

ముందురోజు సాయంత్రం పెడితే తెల్లవారేదాకా చెదరకుండా, చీకట్లో దూరం నుంచే కనబడుతూ, పశువులకు హాని చేయకుండా, పరుగు అయ్యాక తీసేయగలిగే గుర్తులుగా ఏమి వాడాలి?