5 నెలల పాపకు స్నానం తర్వాత సాంబ్రాణి పొగ: ఆపాలా, అక్కర్లేదా?

మధురవాడ_అమ్మ
మా పాపకి ఐదో నెల నడుస్తోంది. పోయిన వారం రొంప పట్టి, మూడో రోజుకి పిల్లికూతలు మొదలయ్యాయి. డాక్టరు గారు చూసి బ్రాంకియోలైటిస్ (ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల వాపు) అన్నారు. వైరస్ వల్ల వచ్చేదట, యాంటీబయాటిక్ అక్కర్లేదట. ముక్కులో సెలైన్ చుక్కలు వేసి, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టమన్నారు. మేం లేచి వస్తుంటే "ఇంట్లో పొగ ఏమైనా వేస్తారా?" అని అడిగారు. రోజూ సాంబ్రాణి వేస్తామంటే వెంటనే ఆపేయమన్నారు. ఇంటికొచ్చి ఈ మాట చెప్తే మా అత్తయ్యగారు చిన్నబుచ్చుకున్నారు. ఈ ముసురులో తల ఆరదు, మాడు చల్లబడితే రొంప ఇంకా ముదురుతుంది అంటారు. మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు?

ఉక్కునగరం_తాతయ్య
ఆపకమ్మా. మా ముగ్గురు పిల్లలకీ, పెద్ద మనవడికీ మా ఆవిడే కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చేసరికి ఆ మనవడు ఇరవై రోజుల పిల్లాడు. కిటికీ అద్దాలు పగిలి ఇల్లంతా తడి. కరెంటు లేదు. పొత్తిగుడ్డలు ఆరే దారి లేదు. మా ఆవిడ మూకుట్లో నిప్పులు పోసి, సాంబ్రాణి చల్లి, పైన వెదురుబుట్ట బోర్లించి గుడ్డలన్నీ దాని మీద ఆరబెట్టింది. పిల్లాడి దగ్గరికి ఒక్క దోమ రాలేదు. వాడికి ఇంతవరకూ ఆయాసం అన్నదే తెలియదు.

గోపాలపట్నం_నాన్న
ముందు ఒకటి తేల్చుకోండి. మీరు వేసేది కప్పు సాంబ్రాణా, అసలు సాంబ్రాణా? కప్పయితే ఆపేయండి, అసలుదైతే పర్వాలేదు.

పిల్లలవార్డు_నర్సు
పదకొండేళ్లుగా పిల్లల వార్డులో పని చేస్తున్నాను. వానలు మొదలైతే మా దగ్గర మంచాలు ఖాళీ ఉండవు. ఈ వయసు పిల్లల ఊపిరి గొట్టాలు చాలా సన్నం. వైరస్ పట్టి లోపల వాచి, చీమిడి అడ్డుపడితే గాలి వెళ్లే దారి ఇంకా ఇరుకవుతుంది. దాని మీద పొగ తగిలితే బిడ్డ తట్టుకోలేదు. ఏ పొగైనా అంతే, దోమల కాయిల్, అగరొత్తి, సిగరెట్ కూడా.

తల ఆరడానికి పొడి కాటన్ గుడ్డ చాలు. ఫ్యాను ఆపి, చెవుల వెనక, మెడ మడతల్లో అద్ది తుడవండి. ముక్కులో ఆముదం చుక్కలు వేసే అలవాటుంటే అదీ మానేయండి. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే ఒక రకం న్యుమోనియా వస్తుంది.

గోపాలపట్నం_నాన్న
నా ప్రశ్నకి జవాబు రాలేదు. కప్పుల్లో బొగ్గుపొడి, సెంటు కలుపుతారు. అసలు సాంబ్రాణి చెట్టు బంక. రెండూ ఒకటెలా అవుతాయి?

పిల్లలవార్డు_నర్సు
చెట్టు బంకైనా నిప్పు మీద పడితే వచ్చేది పొగే కదండీ.

వన్‌టౌన్_వాసి
మేం పోర్టుకి దగ్గర్లో ఉంటాం. పొద్దున్నే బాల్కనీ తుడిస్తే గుడ్డ నల్లగా వస్తుంది, బొగ్గు దుమ్ము. అది రోజంతా పీల్చే పిల్లలకి చిటికెడు సాంబ్రాణితో వచ్చే నష్టమేంటి? అడగాల్సింది దాని గురించి.

పిల్లలవార్డు_నర్సు
దాని గురించీ అడగాల్సిందే. కానీ ఆ దుమ్ము ఆగేదాకా ఈ బిడ్డ ఆగదు కదా. గదిలో పొగ ఈ సాయంత్రమే ఆపొచ్చు.

సీతమ్మధార_పిన్ని
పొగ వద్దంటే కొబ్బరినూనెలో కర్పూరం వేడి చేసి ఛాతీకి రాయండి. మా ఇంట్లో అదే చేస్తాం.

పిల్లలవార్డు_నర్సు
పిన్నిగారూ, రెండేళ్లలోపు పిల్లలకి కర్పూరం వద్దు. ఒంట్లోకి వెళ్తే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది. దయచేసి ఎవరూ ఇది పాటించకండి.

ఉక్కునగరం_తాతయ్య
నూనె వద్దు, పొగ వద్దు, కర్పూరం వద్దు. మరి మా పిల్లలు ముగ్గురూ ఎలా బతికారు నర్సమ్మా?

పిల్లలవార్డు_నర్సు
మా అమ్మ ఎనిమిది మందిని కన్నది. మేం ఐదుగురం మిగిలాం. పోయినవాళ్లలో ఇద్దరు డొక్కలెగరేసి, పాలు మానేసి పోయారని అమ్మ చెప్పేది. అది పొగ వల్లే అని నేననను. అప్పట్లో మాది పెంకుటిల్లు. పెరట్లో నీళ్లు పోసి వసారాలో పొగ వేసేవాళ్లు, గాలికి పోయేది. ఇప్పుడు రెండు గదుల ఫ్లాటు, వాన పడుతోందని కిటికీలు వేసేసి లోపల వేస్తున్నారు.

గోపాలపట్నం_నాన్న
అయితే కిటికీ తీసి అసలు సాంబ్రాణి వేస్తే సరిపోతుంది కదా. నేను మొదటి నుంచీ చెప్పేది అదే.

మధురవాడ_అమ్మ
అన్నా, కప్పా కాదా అన్నది వదిలేయండి. మూడు రాత్రులు పాపని భుజాన వేసుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాను. పడుకోబెడితే ఆయాసం ఎక్కువయ్యేది. ఇంట్లో అందరూ సాంబ్రాణి గురించి వాదించుకున్నారు. నీకేమనిపిస్తోంది అని నన్నొక్కరూ అడగలేదు. ఇక్కడికొచ్చినా అంతే.

ఉక్కునగరం_తాతయ్య
ఇప్పటి కోడళ్లందరిదీ ఇదే మాట. మా ఇంట్లోనూ ఇలాగే మొదలైంది. ముందు పొగ వద్దన్నారు, సరే అన్నాం. తర్వాత నూనె వద్దన్నారు. చివరికి స్నానమే తనే పోసుకుంటానంది. రెండో మనవడికి మా ఆవిడ ఒక్కరోజైనా నీళ్లు పోయలేదు. ఆవిడ కూర్చునే పీట బాత్రూం తలుపు వెనక అలాగే ఉంది. తీసి అటక మీద పెడతానంటే పెట్టనివ్వదు. మీ అత్తగారు చిన్నబుచ్చుకున్నది సాంబ్రాణి గురించి కాదమ్మా.

మధురవాడ_అమ్మ
మీరిలా చెప్పాక కాసేపు ఏం రాయాలో తోచలేదు బాబాయ్‌గారూ. నేను స్నానం పోస్తే పాప గుక్కపట్టి ఏడుస్తుంది. అత్తయ్య కాళ్ల మీద అయితే నీళ్లు పడుతుండగానే కళ్లు మూస్తుంది. ఆవిడని తప్పించాలని నాకు ఏ రోజూ లేదు. నాకు పొగ ఒక్కటే వద్దు. కానీ ఈ మాట ఆవిడతో అనలేదు. డాక్టరు వద్దన్నారని చెప్పి గదిలోకి వెళ్లిపోయాను.

గోపాలపట్నం_నాన్న
అసలు సాంబ్రాణి విషయంలో నా మాట మీదే ఉంటాను. పాప త్వరగా కోలుకోవాలి.

ఉక్కునగరం_తాతయ్య
నర్సమ్మా, పొగ సంగతి నేనింకా ఒప్పుకోలేదు. కానీ మా చిన్న మనవడికి కూడా నిన్నటి నుంచి రొంప, వాడికి తొమ్మిదో నెల. ఇదంతా చదివి వినిపిస్తే, డొక్కలెగరేయడం ముందే ఎలా కనిపెట్టాలో అడగమంటోంది మా ఆవిడ. మధ్యాహ్నం వాడు ఆవిడ దగ్గరే పడుకుంటాడు.

పిల్లలవార్డు_నర్సు
అమ్మగారికి చెప్పండి. బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట చూడాలి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒక ఊపిరి. గడియారం పెట్టుకుని నిండా ఒక నిమిషం లెక్కపెట్టాలి, అర నిమిషం లెక్కేసి రెండింతలు చేయకూడదు. రెండు నెలల నుంచి ఏడాదిలోపు పిల్లలకి నిమిషానికి 50, అంతకు మించి ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండు నెలలు నిండనివాళ్లకి ఆ లెక్క 60, ఏడాది దాటితే 40.

ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింద గుంటపడుతున్నా, పాలు తాగలేకపోతున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగా కనిపిస్తున్నా లెక్కపెడుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఉక్కునగరం_తాతయ్య
ఇప్పుడే లెక్కపెట్టింది. 38 వచ్చింది. సరిగ్గా చూశానో లేదోనని మళ్లీ లెక్కపెడుతోంది. ఈసారి కోడలు పక్కన గడియారం పట్టుకుంది.