ఇంట్లో మూడు రోజుల సరుకు దాచుకోవాలా, లేక అది ప్రభుత్వం చూసుకోవాలా?

విశాఖ గృహిణి:
2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక మా విశాఖలో కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి, ఏటీఎంలు పనిచేయలేదు, పాల ప్యాకెట్ కోసం బారులు. అప్పటి నుంచి తాగునీళ్లు, మందులు, టార్చి, కొంత నగదు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతాను. పిల్లలేమో అన్నీ ఆన్‌లైన్‌లో వస్తుంటే ఎందుకీ టెన్షన్ అంటున్నారు. మీరేమంటారు?

కాకినాడ కుర్రాడు:
పిల్లలు చెప్పిందే నిజం. తుపాను సంగతి వాతావరణ శాఖ రోజుల ముందే చెబుతోంది, అప్పుడు కొనుక్కుంటే చాలు. ఏడాది పొడవునా దాచుకోమనడమంటే ప్రభుత్వం పని జనం నెత్తిన పెట్టడమే.

సింగ్‌నగర్ వాసి:
తుపాను చెప్పి వస్తుంది తమ్ముడూ, మా విజయవాడలో బుడమేరు వాగు వరద అలా రాలేదు. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. వాగు నీళ్లను మళ్లించే డైవర్షన్ కాలువకు గండ్లు పడ్డాయి, అటు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, ఇక నీళ్లు ఎటు పోతాయి? కొనుక్కుందామంటే షాపులే మునిగాయి. పడవలు మెయిన్ రోడ్డు దాకా వచ్చినా లోపలి సందుల్లోకి రావడం కష్టమైంది, డ్రోన్లతో పొట్లాలు వేయాల్సి వచ్చింది. చుట్టూ నీళ్లే, తాగడానికి చుక్క లేదు, కరెంటు లేక మోటారు ఆడదు. కింది పోర్షన్ల వాళ్లు నష్టపోయింది సరుకు దాచుకోనందుకు కాదు, బియ్యం బస్తాలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ నేల మీదే ఉండటంతో నీళ్లపాలయ్యాయి. కాబట్టి ఎంత దాచామన్నదానికంటే ఎక్కడ పెట్టామన్నది చూడండి. కాగితాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద, బీపీ, షుగర్ మాత్రలు చేతికందేలా. నీళ్లు గుమ్మం ఎక్కకముందే మెయిన్ స్విచ్ ఆపాలి, సిలిండర్ రెగ్యులేటర్ తీసేయాలి.

గోపాలపట్నం నుంచి:
2020 మే 7 తెల్లవారుజామున మా పక్కనే వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది, 12 మంది పోయారు. సైరన్ మోగలేదు. అప్పుడు దాచుకున్న ఏ సరుకు పనికొస్తుంది? ముక్కుకు తడిగుడ్డ పెట్టుకుని, గాలి వీచే దారికి అడ్డంగా పక్కకు వెళ్లిపోవాలని ఇంటిల్లిపాదికీ ముందే తెలిసుండాలి.

కాకినాడ కుర్రాడు:
సైరన్ మోగించాల్సింది ఎవరు మరి? నేనడుగుతున్నదీ అదే.

సింగ్‌నగర్ వాసి:
అడుగు, వదలకుండా అడుగు, మేమూ అడుగుతున్నాం. కానీ ఒంటి గది అద్దె ఇంటికి అటకా లేదు, మేడా లేదు. ముందు మేడ ఉన్నవాళ్లు కింది వాళ్ల ట్రంకుపెట్టెకి పైన కాస్త చోటివ్వండి.