"మండే ఓన్లీ" అంటే తప్పేంటండీ? మెయిల్ ఇంగ్లీషుతో తిప్పలు

మిర్చి గుమాస్తా (గుంటూరు) అడిగినది:

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో ఆరేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. పదో తరగతి దాకా మా ఊరి బడిలో తెలుగు మీడియం, తర్వాత బీకాం. లెక్కలు, వేబిల్లులు, లారీ డ్రైవర్లతో తగాదాలు అన్నీ బాగానే చూసుకుంటాను. ఇంగ్లీషులో మెయిల్ రాయాలంటేనే టెన్షన్. ఇదివరకు ఆ పని ఒక సీనియర్ చూసేవారు. ఆయన మానేశాక నా నెత్తిన పడింది.

పోయిన నెల రెండు సంగతులు జరిగాయి. మలేషియా బయ్యరు తేజ రకం శాంపిల్ ఎప్పుడు పంపుతారని అడిగారు. సోమవారమే పంపేస్తాం, ఆలస్యం చేయం అన్న ఉద్దేశంతో "వుయ్ విల్ సెండ్ ది శాంపిల్ ఆన్ మండే ఓన్లీ" అని రాశాను. సోమవారం దాకా ఎందుకు ఆగాలి, అంతకుముందు కుదరదా అని జవాబు వచ్చింది. నేను త్వరగా పంపుతానంటే ఆయనకి లేటుగా పంపుతానని అర్థమైంది!

రెండోది ఇంకా ఘోరం. అడ్వాన్సు రెండు విడతలుగా పడింది. ఏది ఏ బిల్లు తాలూకుదో తెలియక "ఐ హావ్ వన్ డౌట్ ఇన్ యువర్ పేమెంట్" అని మెయిల్ పెట్టాను. ఆయన నేరుగా మా ఓనర్ గారికి ఫోన్ చేసి, నా డబ్బు మీద మీ వాళ్ళకి అనుమానమా అన్నారట. ఆ రోజు నాకు పడిన అక్షింతలు ఇక్కడ రాయను.

నిన్న రాసిన మెయిల్ ఇది. ఇంకా పంపలేదు:

"డియర్ సర్, వుయ్ ఆర్ హావింగ్ 400 బ్యాగ్స్ తేజ ఇన్ కోల్డ్ స్టోరేజ్. యెస్టర్డే వుయ్ హావ్ సెంట్ శాంపిల్. అవర్ ఓనర్ వాంట్స్ టు డిస్కస్ అబౌట్ రేట్. ఐ యామ్ డూయింగ్ దిస్ వర్క్ ఫ్రమ్ సిక్స్ ఇయర్స్, ప్లీజ్ బిలీవ్. వన్ ఆఫ్ అవర్ లారీ డిడ్ నాట్ రీచ్డ్ టు పోర్ట్. ప్లీజ్ టెల్ వెన్ విల్ యు సెండ్ పేమెంట్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్."

ఇందులో తప్పులేంటో చెప్పండి. గ్రామర్ పుస్తకం తెరిస్తే మూడో పేజీకే నిద్ర ముంచుకొస్తోంది. తెలుగులో బుర్రకెక్కేలా చెబితే చాలు.

కీబోర్డు కుర్రాడు:

బ్రో, ఇంత సీన్ అవసరం లేదు. ఫోన్లో గ్రామర్ చెక్ చేసే యాప్ పెట్టుకో, ఎర్రగీత కనిపిస్తే నొక్కెయ్. అయిపోయింది.

రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు (బాపట్ల):

యాప్ మంచిదే, పెట్టుకోండి. కానీ "ఆన్ మండే ఓన్లీ" కింద అది ఎర్రగీత గీస్తుందని నేననుకోను. ఆ వాక్యంలో గ్రామర్ తప్పు లేదు మరి. మీరు అనుకున్నదొకటి, అది చెప్పినదొకటి, అంతే. "డౌట్" సంగతీ అలాంటిదే. 31 ఏళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పాఠం చెప్పాను, రోజుకి పదిసార్లు "సార్, ఒక డౌట్" అనే మాట విన్నాను. మన క్లాసుల్లో డౌట్ అంటే ప్రశ్న. బయటివాళ్ళకి డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. అది డబ్బు పక్కన పడితే మంట పుట్టదూ? "ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ యువర్ పేమెంట్" అనండి, గొడవ ఉండదు.

ఇక ఓన్లీ. మన "ఏ" ప్రత్యయం రెండు పనులు చేస్తుంది. "నా దగ్గర పదే ఉన్నాయి" అంటే పది మాత్రమే. "సోమవారమే పంపేస్తాం" అన్నప్పుడు అది ఊరికే మాటకి బలం. ఇంగ్లీషు ఓన్లీకి మొదటి పనే తెలుసు, అది కంచె వేసేస్తుంది. కాబట్టి ఓన్లీ రాసే ముందు తెలుగులో "ఏ" తీసి "మాత్రమే" పెట్టి చూడండి. "సోమవారం మాత్రమే పంపుతాం" అంటే మీ అర్థం చెడింది కదా? అయితే ఓన్లీ వద్దు. "వుయ్ విల్ డెఫినిట్‌లీ సెండ్ ది శాంపిల్ ఆన్ మండే" చాలు.

మన తప్పులకి తెలుగే కారణమని అందరూ అంటారు. నా అనుభవంలో అది సగమే నిజం. మిగతా సగం తప్పులు మన తెలుగుని మనం సరిగా వినకపోవడం వల్ల వస్తాయి. మీ మెయిల్లోనే చూపిస్తాను.

"డిడ్ నాట్ రీచ్డ్" అని రాశారు. తెలుగులో "లారీ చేరింది"కి వ్యతిరేకం ఏమిటి? "చేరలేదు." "చేరిందిలేదు" అని ఎవరమూ అనం. "లేదు" రాగానే "చేరింది" కాస్తా "చేర" అయిపోయింది, కాలం గుర్తు ఊడిపోయింది. ఇంగ్లీషులోనూ ఇదే. డిడ్ వచ్చి కాలాన్ని తన నెత్తిన వేసుకుంటుంది, రీచ్ ఒట్టి మాటగా మిగులుతుంది. "డిడ్ నాట్ రీచ్." ఎప్పుడు అనుమానం వచ్చినా "చేరిందిలేదు" అని పైకి అనుకోండి, నవ్వొచ్చి తప్పు దొరుకుతుంది. అన్నట్టు, రీచ్ పక్కన "టు" అక్కర్లేదు. మన "పోర్టుకి"లోని "కి" తోసుకొచ్చిందది.

"వన్ ఆఫ్ అవర్ లారీ." మీరు తెలుగులో "మా లారీల్లో ఒకటి" అంటారా, "మా లారీలో ఒకటి" అంటారా? "లారీలో ఒకటి" అంటే లారీ లోపల ఏదో ఉందని అర్థం! మరి ఇంగ్లీషులో ఎందుకు ఏకవచనం చేశారు? "వన్ ఆఫ్ అవర్ లారీస్."

"టెల్ వెన్ విల్ యు సెండ్." ఇక్కడ తెలుగు మనకి పెద్ద సాయం చేస్తుంది, ఎవరూ పట్టించుకోరు. నేరుగా అడిగితే "ఎప్పుడు పంపుతారు?" వాక్యం మధ్యలో పెడితే "ఎప్పుడు పంపుతారో చెప్పండి." ఆ "ఓ" చూశారా? "ఓ" లేకపోతే "వెన్ విల్ యు." "ఓ" ఉంటే "వెన్ యు విల్." "ఆయన ఎక్కడున్నాడో తెలియదు" అన్నా అంతే: "ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్." తొమ్మిదో తరగతి పిల్లలకి ఈ ఒక్క అక్షరంతో చెబితే పది నిమిషాల్లో పట్టుకునేవారు. ఇన్‌డైరెక్ట్ క్వశ్చన్ అని పేరు పెట్టి చెప్పినప్పుడు మాత్రం వారం గడిచినా ఎక్కేది కాదు.

"ఆరేళ్ళ నుంచి" దగ్గర మాత్రం నేరం తెలుగుదే. మన "నుంచి" మొదలైన రోజునీ చెబుతుంది, గడిచిన కాలాన్నీ చెబుతుంది. ఇంగ్లీషు ఆ రెండిటినీ విడదీసింది. దీనికో చిట్కా: "నుంచి" తీసి "గా" పెట్టండి. "ఆరేళ్ళుగా", "రెండు రోజులుగా" కుదురుతుంది, అక్కడ ఫర్. "సోమవారంగా", "2019గా" కుదరదు, అక్కడ సిన్స్. వీటితోపాటు ఇప్పటికీ సాగుతున్న పనికి "హావ్ బీన్ డూయింగ్" రావాలి. "ఐ హావ్ బీన్ డూయింగ్ దిస్ వర్క్ ఫర్ సిక్స్ ఇయర్స్." నిజానికి మీ మెయిల్లో ఆ వాక్యమే వద్దు. బేరం మధ్యలో నన్ను నమ్మండి అంటే అవతలివాడు ఇంకాస్త జాగ్రత్త పడతాడు.

"ఆర్ హావింగ్": తెలుగులో "ఉన్నాయి, తెలుసు, కావాలి, ఇష్టం" అనే మాటలకి "తున్నా" తగలదు. "తెలుసుతున్నా", "కావాలితున్నా" అనం. అక్కడ ఇంగ్లీషులోనూ ఇంగ్ పెట్టకండి. "వుయ్ హావ్ 400 బ్యాగ్స్." ఈ చిట్కా ఒకచోట దెబ్బతింటుంది: "అర్థమవుతోంది" అన్నా సరే "ఐ అండర్‌స్టాండ్" అనాలి. హావింగ్ అన్నిచోట్లా తప్పు కాదు, "హావింగ్ లంచ్" శుభ్రంగా అనొచ్చు, అక్కడ హావ్ అంటే తినడం.

"నిన్న" అని రోజు చెప్పేశాక "హావ్ సెంట్" వద్దు, "సెంట్" చాలు. డిస్కస్ పక్కన "అబౌట్" వద్దు. ఎ, ది ల గురించి ఇప్పుడు మొదలుపెడితే తెల్లారుతుంది. తెలుగులో అవి లేవు, చదవగా చదవగా వస్తాయి.

ఒక్కటి చెప్పి ఆపుతాను. ఒకసారి ఏడో తరగతి పిల్లాడు "మై ఫాదర్ ఆర్ కమింగ్" అని రాశాడు. "ఈజ్" కదరా అన్నాను. "మా నాన్నగారు వస్తున్నాడు అనకూడదు కదా సార్" అన్నాడు. మర్యాద కోసం బహువచనం వేశాడన్నమాట. తప్పని దిద్దాను గానీ మార్కు తీసేయడానికి చెయ్యి రాలేదు.

డాలస్ అక్క:

మాస్టారు గారూ, ఆ "ఓ" చిట్కా నాకు ఇరవయ్యేళ్ళ కిందట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఆఫీసులో రోజూ టీమంతా కలిసే స్టాండప్ మీటింగుల్లో ఇప్పటికీ "కెన్ యు టెల్ మి వాట్ ఈజ్ ది ఇష్యూ" అనే అంటున్నాను.

తమ్ముడూ, మీ "డౌట్"కి నా "రివర్ట్" తోడు. వచ్చిన కొత్తలో ఒక అమెరికన్ కొలీగ్‌కి కోడ్ మార్పు చూపించి, చూసి జవాబివ్వమనే అర్థంలో "ప్లీజ్ రివర్ట్" అని రాశాను. ఆయన పాపం చెప్పినట్టే చేశాడు. రివర్ట్ అంటే మార్పు వెనక్కి తీసేయడం కదా, నేను మూడు రోజులు కూర్చుని రాసిందంతా తీసి పక్కన పెట్టాడు. తర్వాత తిరిగి తెచ్చుకున్నాం లెండి. అప్పటినుంచి "రిప్లై" తప్ప ఇంకో మాట వాడలేదు.

ఒక్కచోట మాత్రం నా వాదన వేరు. మనవాళ్ళ మాటలన్నీ తప్పులు కావు. "ప్రీపోన్" అంటే ఇక్కడివాళ్ళు నవ్వుతారు, కానీ అది ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలోకి కూడా ఎక్కింది. పోస్ట్‌పోన్ ఉన్నాక ప్రీపోన్ ఉండటం న్యాయమే కదా.

రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు:

న్యాయమేనమ్మా. మనలో మనం హాయిగా వాడుకోవచ్చు. "పరీక్ష రాశాను" కాబట్టి మనం "రోట్ ది ఎగ్జామ్" అంటాం, హిందీవాళ్ళు "పరీక్ష ఇచ్చాం" కాబట్టి "గేవ్ ది ఎగ్జామ్" అంటారు. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి అర్థమవుతుంది. మీ కొలీగ్‌కి మాత్రం "టుక్ ది ఎగ్జామ్" అనాలి. అవతల ఎవరున్నారో చూసుకోవడమే.

మిర్చి గుమాస్తా:

మాస్టారూ, అక్కా, చాలా థాంక్స్. "చేరిందిలేదు, చేరిందిలేదు" అని పైకి అనుకుంటుంటే పక్క టేబుల్ ఆయన "ఏమైంది, ఏ లారీ?" అని లేచొచ్చాడు. తిరగరాశాను, చూడండి:

"డియర్ సర్, వుయ్ హావ్ 400 బ్యాగ్స్ ఆఫ్ తేజ ఇన్ కోల్డ్ స్టోరేజ్. వుయ్ సెంట్ ది శాంపిల్ యెస్టర్డే. అవర్ ఓనర్ వాంట్స్ టు డిస్కస్ ది రేట్ విత్ యు. వన్ ఆఫ్ అవర్ లారీస్ డిడ్ నాట్ రీచ్ ది పోర్ట్. ప్లీజ్ టెల్ అస్ వెన్ యు విల్ సెండ్ ది పేమెంట్. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్."

రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు:

భేష్. "ది"లు కూడా చాలావరకు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి. ఒక్క సంగతి అడుగుతాను. ఆ లారీ ఇప్పుడు ఎక్కడుంది?

మిర్చి గుమాస్తా:

ఒంగోలు దగ్గర టైరు పేలి ఆగింది సార్. రాత్రికి బయల్దేరుతుందన్నారు.

రిటైర్డ్ ఇంగ్లీషు మాస్టారు:

అయితే "డిడ్ నాట్ రీచ్" వద్దు. అది చదివితే లారీ ఇక రాదేమో అనిపిస్తుంది. మన "చేరలేదు" రెండిటికీ సరిపోతుంది, ఇంగ్లీషులో అలా కుదరదు. మీరు తెలుగులో "ఇంకా" అని కలపగలిగితే "హాజ్ నాట్ రీచ్డ్ ది పోర్ట్ యెట్" అనండి. ఇక్కడ రీచ్డ్ ఉండాలి, ఎందుకంటే వచ్చింది డిడ్ కాదు, హాజ్.

చివరి వాక్యం కూడా తీసేయండి. "నీడ్‌ఫుల్" అంటే ఏం చేయాలో అవతలివాళ్ళు ఊహించుకోవాలి. మీకు కావలసింది పేమెంట్ తేదీ, అది పై వాక్యంలో అడిగేశారు.

మిర్చి గుమాస్తా:

లారీ సంగతి మార్చేశాను సార్. చివరి వాక్యం మాత్రం నా చేతిలో లేదు. అది మా ఓనర్ గారు ప్రతి మెయిల్ కిందా స్వయంగా చెప్పి రాయించే వాక్యం. దాన్ని తీసేస్తే ఆయన నన్ను తీసేస్తారు.