రాత్రి సైకిలుకి రిఫ్లెక్టర్ చాలదా? లైటు ఉండాల్సిందేనా?

రాత్రిషిఫ్టు: పదేళ్లుగా డ్యూటీ అయ్యాక అర్ధరాత్రి సైకిల్ మీదే ఇంటికొస్తున్నాను. లైటు లేదు, వెనక ఎర్ర రిఫ్లెక్టర్ ఉంది. దారి పొడుగునా వీధి దీపాలే, ఏ గుంట ఎక్కడుందో కూడా కంఠతా వచ్చు. నిన్న ఒకాయన కారు ఆపి మరీ తిట్టిపోశాడు. హెడ్‌లైట్లున్నది వాళ్లకి, చూసుకుని నడపాల్సిందీ వాళ్లే కదా?

పెడల్ మేస్త్రి: గుంటలు మీకు కనిపిస్తాయండీ, సరే. మీరు ఎవరికి కనిపిస్తున్నారు? రిఫ్లెక్టర్‌కి సొంత వెలుగు లేదు. తన మీద పడ్డ కాంతిని వచ్చిన వైపుకే తిప్పి పంపుతుంది. వెనక తిన్నగా వచ్చే కారుకి పనికొస్తుంది. మరి పక్క సందులోంచి రోడ్డెక్కే కారు? దాని లైట్లు ఎదుటి గోడ మీద పడుతుంటాయి. అవి మీ మీద పడేసరికి మీరు దాని బంపర్ ముందుంటారు.

స్టీరింగ్ పక్షం: తిట్టింది నేను కాదు గానీ ఆయన టెన్షన్ నాకు తెలుసు. ఒకసారి సన్నగా జల్లు, ఎదురుగా లారీ. అద్దం మీద ప్రతి చినుకూ మెరుస్తోంది. లారీ దాటాక కళ్లముందంతా నలుపు. ఆ నలుపులో రెండు పసుపు చుక్కలు, ఒకటి పైకి, ఒకటి కిందికి. పెడల్ రిఫ్లెక్టర్లు! అవి ఆడబట్టే మనిషని పోల్చుకున్నాను. బ్రేకు కొడితే ఆయన మడ్‌గార్డ్‌కి జానెడు దూరంలో ఆగాను. ఆయన వెనక్కి తిరిగైనా చూడకుండా తొక్కుకుంటూ పోయాడు. 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి చేరేసరికే ఆ 17 అయిపోతాయి, ఆగడానికి పొడి రోడ్డు మీదే ఇంకో 20 కావాలి.

కాలినడక: ఏమీ కనబడనప్పుడు అంత వేగం ఎందుకు సార్? రోడ్డు దాటే కుక్కకి లైటుంటుందా? కనిపించినంత దూరంలో ఆగగలిగేలా నడపడం డ్రైవర్ పని. లైటు లేదని తప్పంతా సైకిల్ వాడి నెత్తిన రుద్దేయడం బాగా అలవాటైపోయింది.

స్టీరింగ్ పక్షం: ఆ రోజు నాది 45 దాటలేదు. అయినా ఆ వానకి అదీ ఎక్కువే, ఒప్పుకుంటాను.

పెడల్ మేస్త్రి: కాలినడక గారి మాట న్యాయమే. కానీ ఆ న్యాయం ఆసుపత్రి మంచం మీద దొరికితే ఏం లాభం? డెన్మార్క్‌లోని ఒడెన్సె నగరంలో సుమారు 3,800 మందితో ఏడాదిపాటు పరీక్షించారు. అయస్కాంతాలతో పనిచేసే లైట్లు పగలూ రాత్రీ వెలిగించుకుని తిరిగిన వాళ్లకి గాయాలైన ప్రమాదాలు 19 శాతం తక్కువ. ముందు తెలుపు, వెనక ఎరుపు ఎందుకంటే, సైకిల్ ఎటు పోతోందో రంగు చూసి తెలిసిపోతుంది.

రాత్రిషిఫ్టు: సందు సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇవాళ రెండు లైట్లూ కొన్నాను, ఎర్రది సీటు కింద బిగించాను. మిణుకుమిణుకు పెట్టాలా, నిలకడగానా?

పెడల్ మేస్త్రి: నిలకడగా. మిణుకుతుంటే త్వరగా కంటపడుతుంది గానీ ఎంత దూరంలో ఉన్నారో అంచనా అందదు. జర్మనీలో అయితే సైకిలుకి మిణికే లైటు నిషేధం. ఇంకోటి, మీరు సీటెక్కి కూర్చుని, ఎవరినైనా వెనక నిలబడి చూడమనండి.

రాత్రిషిఫ్టు: చూడమన్నాను. లైటు మొత్తం కోటు అంచు కింద దాక్కుందట! మడ్‌గార్డ్ మీదికి మారుస్తున్నాను.